తలలు కాదు, యంత్రాలను లెక్కపెట్టండి

నిజామాబాద్ జిల్లాలో ఫ్యాక్టరీ అనగానే పెద్దలకు గుర్తొచ్చేది బోధన్ శక్కర్‌నగర్. అక్కడ 1937లో మొదలైన నిజాం షుగర్స్‌లో కార్మిక సంఘాలుండేవి, తనిఖీ అధికారులకు దాని గేటు తెలుసు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మిల్లు ఆగింది. రైసుమిల్లుల ఎలివేటర్లు, చెరకు గానుగలు, పసుపు పాలిషింగ్ డ్రమ్ములు, మక్కలు ఒలిచే మిషన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వేళ్లు, చేతులు తెగే ప్రమాదం పొంచి ఉండేది ఇలాంటి చోట్లే. చట్టం చూపేమో ఇంకా పెద్ద గేటు దగ్గరే ఉంది.

తిరిగే భాగాలకు గట్టి రక్షణ కవచం ఉండాలని, యంత్రం నడుస్తున్నంతసేపూ దాన్ని తీయకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. కానీ కరెంటుతో నడిచే చోట 10 మంది పనిచేస్తేనే ఆ చట్టం లెక్కలో అది ఫ్యాక్టరీ అయ్యేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఈ నిర్వచనంలోని సంఖ్యను 20కి పెంచింది. ఎనిమిది మంది పనిచేసే గానుగలోనైనా, ఎనభై మంది ఉన్న మిల్లులోనైనా రోలరు నలిపే తీరు ఒకటే.

ప్రమాదం జరిగాక వినిపించే మాట ఒకటుంది: ‘వాడే చెయ్యి పెట్టాడు’. ఎందుకు పెట్టాడో అడగాలి. చెరకు ఇరుక్కుంటే యంత్రం ఆపి, రోలరును వెనక్కి తిప్పి తీయాలి. ఆపితే పని నిలిచిపోతుంది, సీజన్‌లో బయట బండ్లు వరుస కట్టి ఉంటాయి. అందుకే నడుస్తుండగానే చేత్తో నెడతారు. శుభ్రం చేయడానికి విప్పిన గార్డును మళ్లీ బిగించకపోవడానికీ ఈ తొందరే కారణం. మోటారుకు ఆటో స్టార్టర్ ఉంటే మరో గండం. కరెంటు పోయిందని లోపల చెయ్యి పెడితే, కరెంటు రాగానే యంత్రం దానంతటదే కదులుతుంది. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. అది నీళ్ల కోసం. చేతుల కోసం కూడా అంత ప్రచారం చేయొచ్చు.

పరిహారం ఉంది కదా అంటారు. పరిహార చట్టం పట్టిక ప్రకారం చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టం, బొటనవేలు పోతే 30 శాతం. నెలకు 15 వేల జీతం లెక్కన 30 ఏళ్ల కార్మికుడికి చూపుడు వేలుకు దక్కేది దాదాపు రూ.2.62 లక్షలు. అయితే ఆ మిల్లులో పనిచేసినట్టు ముందు అతనే రుజువు చేసుకోవాలి. హాజరు పట్టీలో పేరుండదు, కూలి మేస్త్రీ చేతి మీదుగా వస్తుంది. బిహార్ నుంచి వచ్చిన హమాలీ అయితే ఆస్పత్రి ఖర్చులతో పాటు ఎంతిస్తే అంత పట్టుకుని రైలెక్కడమే.

నిజానికి వేరే దారి మనకు తెలియనిది కాదు. హరిత విప్లవం తర్వాత నూర్పిడి యంత్రాల్లో పడి చేతులు పోతుంటే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. అది కూలీల సంఖ్యను అడగలేదు. యంత్రం తయారీదారుకు, అమ్మేవాడికి లైసెన్సు పెట్టింది, గాయపడినవారికి పరిహారం చెప్పింది. గ్రామీణ రంగంలో వాడే ఇతర యంత్రాలను నోటిఫై చేసే వీలూ అందులో ఉంది. గానుగలను, మక్కల మిషన్లను ఆ జాబితాలో చేర్చమని రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి.

చిన్న యజమానులకు తనిఖీల వేధింపు మొదలవుతుందన్న భయం తీసిపారేయదగింది కాదు. అందుకే భారం ముందు తయారీదారుపై పడాలి: గార్డు, అత్యవసర స్విచ్ లేని యంత్రం దుకాణానికే రాకూడదు. పాతవాటిని త్రీఫేజ్ కనెక్షన్ ఇచ్చేటప్పుడు, లోడు పెంచేటప్పుడు విద్యుత్ సిబ్బందే ఒకసారి చూడొచ్చు. శక్కర్‌నగర్‌ను మళ్లీ తెరిచే మాట నిజమైతే, పాత యంత్రాల గార్డులపై తనిఖీ నివేదిక క్రషింగ్‌కు ముందే బయటపెట్టాలి.

వీటన్నిటికంటే తేలికైన పని ఒకటుంది. యంత్రంలో పడి వేలో చెయ్యో తెగి వచ్చిన ప్రతి కేసునూ నిజామాబాద్, బోధన్ ప్రభుత్వాసుపత్రులు కార్మిక శాఖకు పంపాలి, పనిచోట ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న లేకుండా. ఆ కాగితం లేనంతకాలం జిల్లాలో చేతులు తెగుతూనే ఉంటాయి, రికార్డుల్లో మాత్రం ప్రమాదాలే ఉండవు.