సగటు లెక్కల కింద మునిగిన దివిసీమ

కృష్ణా జిల్లా వెనకబడిందంటే నవ్వుతారు. సెక్రటేరియట్‌లో నవ్వుతారు, ఢిల్లీలో నవ్వుతారు, పక్క జిల్లాలవాళ్ళూ నవ్వుతారు. మీకేం బాబూ, రెండు పంటల నీళ్ళు, విజయవాడ బజారు, అమెరికా డాలర్లు, సినిమా హీరోలు అంటారు. నిజమే. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు, ఏఎన్నార్ పుట్టిన రామాపురం మా గుడివాడ చుట్టుపక్కలవే. ఆంధ్రా బ్యాంకు 1923లో పుట్టింది మా బందరులోనే. (2020 ఏప్రిల్ 1న దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఆ బోర్డు కూడా మాకు మిగల్లేదు.) 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్ రోజుల్లో తలసరి ఆదాయం పట్టిక తీస్తే విశాఖ పక్కన కనపడే పేరు కృష్ణాయే.

తలసరి అంటే తలకింత. ఏ తలకు? బెంజి సర్కిల్‌లో కాంప్లెక్సు అద్దెలు లెక్కపెట్టుకునే తలకా, నాగాయలంక రేవులో పంటు కోసం ఎండలో నిలబడిన తలకా? రెండు తలల్నీ కలిపి కూడి, రెండుతో భాగించి, ఇద్దరూ సుఖంగా ఉన్నారని కాయితం రాసేవాడిని మనం గణాంకాధికారి అంటున్నాం.

ఈ కాయితం ఎంత పని చేస్తుందో చూడండి. 2006-07లో కేంద్రం వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి పెట్టింది. దేశంలో 250 జిల్లాలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి 13. కృష్ణా లేదు. 2014 విభజన తర్వాత వెనుకబడిన జిల్లాలకు ప్రత్యేక ప్యాకేజీ అన్నారు. రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు. కృష్ణా లేదు. 2018లో ఆకాంక్షిత జిల్లాలన్నారు. అందులోనూ లేదు. మహబూబ్‌నగర్ వలస కూలీకి, అనంతపురం వేరుశనగ రైతుకు, పాడేరు గిరిజనుడికి పైసా వస్తే మాకు కడుపుమంట లేదు. వాళ్ళకు వచ్చింది కూడా చాలదు. మా కోపమల్లా కొలిచే పద్ధతి మీద. కొలత జిల్లా దగ్గర ఆగిపోయినంత కాలం కోడూరు, నాగాయలంక, కృత్తివెన్ను ఏ జాబితాలోకీ ఎక్కలేవు. వాటికి సొంత అంకెలే లేవు. విజయవాడ అంకెలు వాటి నోట్లో కుక్కారు.

ఈ మోసం కొత్తది కాదు. తెలంగాణ వెనకబడలేదని చెప్పడానికి హైదరాబాద్‌ను కలిపి సగటు తీసేవారు. ఉద్యమకారులు ఆ గారడీని బయటపెట్టారు. 2010 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ కూడా హైదరాబాద్‌తో ఒక లెక్క, హైదరాబాద్ లేకుండా ఒక లెక్క వేయక తప్పింది కాదు. మరి విజయవాడ లేకుండా కృష్ణా లెక్క ఎవరు వేశారు? 2011 జనాభా లెక్కల్లో కృష్ణా జిల్లా జనం 45 లక్షలు, అందులో పది లక్షలకు పైగా ఒక్క విజయవాడ నగరంలోనే. జిల్లా కేంద్రం పేరుకు బందరు. పెత్తనం, పరపతి, పెద్దాసుపత్రి, పెద్ద కాలేజీలు బెజవాడవి.

2022 ఏప్రిల్‌లో జిల్లాను చీల్చి ఎన్టీఆర్ జిల్లా చేసినప్పుడు ఈ లెక్క సరిపడుతుందని ఆశపడ్డాం. గీత ఎక్కడ గీశారు? గన్నవరం విమానాశ్రయం, పెనమలూరు అపార్ట్‌మెంట్లు, కానూరు, పోరంకి అన్నీ కృష్ణాలోనే ఉంచారు. బెజవాడ పేరు పోయింది గానీ బెజవాడ శివారు మా సగటు నెత్తిన అలాగే కూచుంది. పోరంకిలో ఒక ఫ్లాటు రిజిస్ట్రేషనయితే దివిసీమ అభివృద్ధి చెందినట్టు లెక్క.

సరే, శివార్లను కూడా తీసేద్దాం. గుడివాడ, నందివాడ చూద్దాం. ఇక్కడ చెరువులు బంగారం పండిస్తాయంటారు. వరి చేను తవ్వి చేపల చెరువు చేస్తే ఎకరం విలువ పెరుగుతుంది, జిల్లా ఉత్పత్తి పెరుగుతుంది, మత్స్యశాఖ ఛార్టులో గీత పైకి పోతుంది. ఆ ఎకరంలో నాట్లకు దిగే ఆడకూలీల పని ఏమయింది? వరికి దుక్కి, ఊడుపు, కలుపు, కోత, కుప్ప, నూర్పిడి ఉండేవి. చెరువుకు ఒక కాపలాదారుడు, మేత వేసే ఇద్దరు, పట్టుబడి రోజున వలల ముఠా చాలు. దిగుబడి పెరిగింది, కూలి దినాలు తరిగాయి. ఉత్పత్తిని కొలిచే బద్దకు రెండోది కనపడదు. పైగా చెరువు సొంతదారు ఏ హైదరాబాద్‌లోనో ఉంటాడు. లీజు డబ్బు అతని ఖాతాలో పడుతుంది, ఉత్పత్తి మాత్రం నందివాడ మండలం పేరున రాస్తారు. డబ్బు పోయిన చోట కాకుండా చేప దొరికిన చోట ఐశ్వర్యాన్ని లెక్కగట్టే శాస్త్రమిది. పక్కనున్న మంచినీటి చెరువులోకి ఆ చేపల చెరువు నీరు ఊరితే అది ఏ పద్దు కిందా రాదు.

వరి మిగిలిన చోట కూడా ఇదే కథ. డెల్టాలో చేను దున్నేది కౌలురైతు, పాసుపుస్తకం భూస్వామిది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, యజమాని సంతకం ఉంటేనే కార్డన్నారు. సంతకం పెట్టే యజమాని ఎక్కడున్నాడో చూపిస్తే మేం వెళ్ళి దండం పెట్టొస్తాం. తుఫానుకు చేను పడిపోతే నష్టం కౌలుదారుది, పరిహారం దగ్గర పేరు అడిగితే పాసుపుస్తకం ఉన్నవాడిది. గణాంకాల్లో ఆ కౌలుదారు 'రైతు' కూడా కాడు, 'కూలీ' కూడా కాడు.

ఇక పేదల్ని గుర్తించడానికి వేసిన కొలతబద్దలు విప్పి చూద్దాం. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన. దేశమంతా ఇల్లిల్లూ తిరిగారు. మంచిదే. ముందు ఎవర్ని తీసేయాలో ఒక జాబితా రాసుకున్నారు. అందులో మొట్టమొదటిది: రిజిస్ట్రేషన్ అవసరమైన మోటారు వాహనం గానీ, చేపల పడవ గానీ ఉన్న కుటుంబం పేద జాబితాలోంచి తనంతట తానే బయటికి పోతుంది. చదివారా? మోటారు పడవ! హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది మత్స్యకారుడికి పడవంటే రైతుకు ఎద్దు లాంటిది. చాలా పడవలు చేపల వ్యాపారి ఇచ్చిన అడ్వాన్సు మీద నడుస్తాయి. పట్టిన చేప అతనికే, అతను చెప్పిన రేటుకే. వేట నిషేధం రోజుల్లో పడవ ఒడ్డున ఎండుతుంది, అప్పు మాత్రం ఎండదు. అలాంటివాడిని ఢిల్లీలో కూచుని ఒక్క గీతతో శ్రీమంతుల్లో కలిపేశారు.

అదే జాబితాలో ఇంకొకటి. రెండు పంటలకు సాగునీరున్న ఐదెకరాలుంటే ఆ కుటుంబమూ బయటికే. కాయితం మీద డెల్టా అంతా సాగునీటి భూమి. ప్రకాశం బ్యారేజీ కింద ఆయకట్టు పదమూడు లక్షల ఎకరాలని గొప్పగా చెబుతారు. ఆ నీరు పులిగడ్డ అక్విడెక్టు దాటి, అవనిగడ్డ దాటి, కోడూరు శివారు భూమికి చేరేసరికి నారు ముదిరిపోతుంది. పైనున్నవాడు తూముకు అడ్డం వేసుకుంటే కిందివాడు లస్కరు కాళ్ళు పట్టుకోవాలి. లస్కరు పోస్టులే భర్తీ చేయకపోతే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? మురుగు కాలువల చివర స్లూయిజ్ షట్టర్లు తుప్పుపట్టిన చోట పోటు వచ్చినప్పుడల్లా సముద్రం చేలల్లోకి నడిచొస్తుంది. బ్యారేజీ దిగువన నది ఎండిన ఏడు ఉప్పునీరు ఏటి వెంట ఎగదన్నుతుంది. భూమి చౌడు తేలుతుంది. రెవెన్యూ అడంగల్‌లో మాత్రం అది మాగాణి. 2013లో పులిచింతల, 2015లో పట్టిసీమ వచ్చాక పైన తెరిపినపడిందన్న మాట వాస్తవమే, కాదనం. చివరి కిలోమీటరు సంగతి మాత్రం అడగొద్దు.

తాగే నీళ్ళ దగ్గరికి వద్దాం. ఇదే అసలు అన్యాయం, అందుకే కాస్త నెమ్మదిగా చదవండి. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ అని ఒకటి తీస్తోంది. 12 అంశాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెల మీద కడతారు. 2019-21 అంకెల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 6.06 శాతమే. అందులో తాగునీటి అంశం ఒకటి. 'మెరుగైన' నీటి వనరు అందుబాటులో ఉంటే ఆ కొరత లేనట్టు. మెరుగైన వనరులంటే ఏవి? కుళాయి, బోరు, ట్యాంకరు, సీసా నీళ్ళు, ఆర్వో ప్లాంటు. అంటే బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్ళో, వేసవిలో మంచినీటి చెరువు అడుగంటితే, కూలి డబ్బులు పెట్టి ఇరవై లీటర్ల క్యాను కొనుక్కునే కుటుంబానికి నీటి కొరత లేదు! నీళ్ళు కొనుక్కోవడమే వాళ్ళు పేదలు కారనడానికి సాక్ష్యం. కాలువలు కట్టేసేలోగా చెరువులు నింపమని బందరు నుంచి నాగాయలంక దాకా ఏటా ఖాళీ బిందెలతో రోడ్డెక్కే ఆడవాళ్ళు ఏ సర్వే ఫారంలోనూ లేరు. నీటి రుచి అడిగే గడి ఫారంలోనే లేదు. బ్యాంకు ఖాతా ఉందా అని గడి ఉంది. ఖాతా ఉంటే చాలు, అందులో సున్నా ఉన్నా సరే.

యానాదుల మాట. కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు తెగల జనాభా 2011లో మూడు శాతం లోపు. మూడు శాతాన్ని సగటు మింగేస్తుంది, తేన్పు కూడా రాదు. పీతలు పట్టి, చేపలు పట్టి, చెరువు గట్ల మీద కాపలా కాసి బతికే ఆ కుటుంబాల కోసం ఉన్న ఐటీడీఏ నెల్లూరులో ఉంది. దివిసీమ యానాదికి అది చంద్రమండలం.

2018 ఆగస్టు గుర్తుందా? నాట్ల కాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగిపోయాయి. పదులకొద్దీ జనం ఆసుపత్రుల పాలయ్యారు. ఏలినవారు ఏం చేశారు? దేవాదాయ శాఖ తరపున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. మాకు స్వామి మీద భక్తి తక్కువేమీ కాదు. కానీ పొలం గట్టు నుంచి విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి ఎంత దూరం, అక్కడి నుంచి వెంటిలేటర్‌కు ఎంత దూరం, ఈ రెండు అంకెలు ఊరూరికీ రాసి ఉంటే యాగం ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలిసేది. బందరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2023లో. 1611లో ఇంగ్లీషు ఓడ ఆగిన రేవుకు వైద్య కళాశాల రావడానికి నాలుగు శతాబ్దాలు పట్టింది!

ఆ ఇంగ్లీషువాళ్ళ ఇంటికే పోదాం. లండన్ పక్కన సర్రే అని ఒక కౌంటీ ఉంది, మన విజయవాడ-గన్నవరం లాంటి సిరిగల చోటు. అక్కడ సర్రే సగటెంత అని చూసి ఊరుకోరు. ఇంగ్లండు మొత్తాన్ని సుమారు పదిహేను వందల మందికొక ముక్క చొప్పున 33 వేలకు పైగా ముక్కలు చేసి, ఆదాయం, ఉపాధి, చదువు, ఆరోగ్యం, నేరాలు, ఇల్లు-సేవలు, పరిసరాలు అని ఏడు రకాలుగా కొలిచి ర్యాంకులు ఇస్తారు. మళ్ళీ 2025 అక్టోబర్‌లో ఇచ్చారు. సేవలు ఎంత అందుబాటులో ఉన్నాయన్నదీ ఆ కొలతల్లో ఉంటుంది. అలా కొలిస్తేనే సర్రే నడుమ షీర్‌వాటర్ లాంటి పేటలు బయటపడ్డాయి. వాళ్ళ పద్ధతిలోనూ లొసుగుంది: కలిగిన పేటలో ఒంటరిగా ఉన్న పేదవాడు ఆ మ్యాపుకూ చిక్కడు. అయినా పదిహేను వందల మందికి ఒక అంకె ఎక్కడ, పదిహేడు లక్షల మందికి ఒక అంకె ఎక్కడ?

ఇది మనకు చేతగాక కాదు. 2023 జనవరిలో కేంద్రమే 500 ఆకాంక్షిత బ్లాకులు ప్రకటించింది. అంటే జిల్లా లెక్క చాలదని ఒప్పుకున్నట్టే. మన ఊళ్ళలో గ్రామ సచివాలయాలున్నాయి, ఇంటింటి సర్వేలు లెక్కలేనన్ని చేశారు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో సందు సందుకూ తెలిసిన పార్టీలకు, ఏ ఇంట్లో మంచినీళ్ళు లేవో తెలియదంటే నమ్మమంటారా?

కొలవకపోతే ఏమవుతుందో బందరే సాక్షి. రాష్ట్రంలో పట్టణాలన్నీ ఉబ్బుతుంటే 2001, 2011 లెక్కల మధ్య మచిలీపట్నం జనాభా తగ్గింది, 1.7 లక్షలకు దిగింది. ఒక జిల్లా కేంద్రం చిక్కిపోతోందని ఏ తలసరి పట్టికైనా అరిచిందా? పెడన కలంకారీకి పేరుంది, చిలకలపూడి రోల్డుగోల్డుకు పేరుంది, చేసే చేతులకు ముక్కకింత కూలి తప్ప ఏమీ లేదు. కుర్రాళ్ళు బస్సెక్కి పోతున్నారు. పోర్టు కోసం రిలే దీక్షల్లో మేమూ కూచున్నాం, లాఠీల ముందు నిలబడ్డాం. 2008లో ఒక శంకుస్థాపన, 2019లో ఒకటి, 2023లో ఒకటి. శంకుస్థాపనల తలసరి తీస్తే దేశంలో మేమే మొదటి స్థానం.

2027 జనాభా లెక్కలకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. ఈసారి కులం కూడా రాస్తారట. 2011 నాటి కుల లెక్క కట్టగట్టి అటక మీద పడేసిన ఏలికలే ఈసారీ లెక్క తీసేది. కాబట్టి వాళ్ళ కోసం కాచుకుని కూచోవద్దు. చదువుకున్న కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళో నలుగురు చాలు. ఏడు ప్రశ్నలు రాసుకోండి: తాగే నీళ్ళకు నెలకెంత పోతోంది, బోరు నీళ్ళు ఉప్పనా తియ్యనా, గత ఏడాది ఎన్ని రోజుల కూలి దొరికింది, చేను ఎవరి పేరున ఉంది ఎవరు దున్నుతున్నారు, పడవ మీద అప్పెంత, పాము కరిస్తే సూదికి ఎంతసేపు, ఇంట్లో ఎంతమంది వలసపోయారు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో పదివేలకు పైగా పోయారన్నది కూడా శవాలు మోసినవాళ్ళు ఊరూరా చెబితేనే ప్రపంచానికి తెలిసింది. సొర్లగొందితో మొదలుపెట్టండి. కాయితాలు మాకు పంపండి, ఊరి పేరుతో, అంకె అంకే అచ్చువేస్తాం.