విషయసూచిక ఎవరు చదువుతారు?

చరిత్ర పుస్తకం మీద వ్యాసం రాయమంటే మన పిల్లలు ఆ ఒక్క పుస్తకం తప్ప మిగిలినవన్నీ తెరుస్తున్నారు. గైడు తెరుస్తారు, పై క్లాసు పిల్ల నోట్సు తెరుస్తారు, ఫోను తెరుస్తారు. తప్పు వాళ్ళది కాదంటాను. పుస్తకం ముట్టుకోకుండా వ్యాసం రాయడమెలాగో మనమే నేర్పుతున్నాం. పైగా దానికి ‘ప్రిపరేషన్’ అని పేరు పెట్టుకున్నాం.

పాతికేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని కనుక ఈ మాట అనే హక్కు కొంచెం వుందనుకుంటాను. మా చెల్లెలి మనవరాలు డిగ్రీ చదువుతోంది. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీసుకుని, ఆ గ్రంథ నిర్మాణాన్ని పరిశీలిస్తూ వ్యాసం రాయమన్నారట. క్లాసులో చెప్పి రాయించిన నోట్సు నాకు చూపించింది. గ్రంథం క్రమబద్ధంగా వున్నదట. ప్రకరణ విభజన శాస్త్రీయంగా వున్నదట. రచయిత సమగ్రదృష్టి ప్రశంసనీయమట. అంతే! ఈ మూడు ముక్కలూ రైల్వే టైంటేబులుకి కూడా అక్షరం మార్చకుండా సరిపోతాయి. అదీ క్రమబద్ధమే, అదీ సమగ్రమే. రైలు టైముకి రాకపోవడం వేరే సంగతి.

నిర్మాణమంటే మనకి అందని బ్రహ్మవిద్య ఏమీ కాదండీ. ఒకే పెళ్ళికి వెళ్ళొచ్చిన నలుగురు ఆడవాళ్ళని విడివిడిగా అడగండి. ఒకావిడ పెళ్ళిచూపుల దగ్గర్నుంచి ఎత్తుకుంటుంది. ఇంకొకావిడకి విడిదింట్లో కాఫీ ఆలస్యమైన దగ్గరే పెళ్ళి మొదలవుతుంది. మూడో ఆవిడ పెళ్ళికూతురి మెడలోని గొలుసు దగ్గర అరగంట ఆగి, తాళి కట్టిన ముచ్చట ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నాలుగో ఆవిడ ఆడపిల్ల తండ్రి చేసిన అప్పుతో మొదలుపెట్టి అప్పుతోనే ముగిస్తుంది. జరిగింది ఒకటే పెళ్ళి. ఎక్కడ ఎత్తుకున్నారు, ఎక్కడ ఆగారు, దేన్ని దాటేశారు అన్నదాన్ని బట్టి చెప్పినావిడ ఎవరి తరఫు మనిషో మనం ఇట్టే కనిపెట్టేస్తాం. ఇంత పనితనం ఇంట్లో వుంచుకుని, చరిత్ర పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ‘క్రమబద్ధం, శాస్త్రీయం’ అని చేతులు కట్టుకుని నిలబడతామేం?

ప్రతాపరెడ్డిగారి పుస్తకం 1949లో వచ్చింది. ఆయన పోయిన రెండేళ్ళకి, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొట్టమొదటి బహుమతి దానికే వచ్చింది. రాజుల యుద్ధాలు కాదు, జనం ఎలా బతికారో చెప్పాలని రాసిన పుస్తకం. సరే, విషయసూచిక తియ్యండి. తూర్పు చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరం! జనం చరిత్ర రాస్తానన్న మనిషి గుమ్మాలకి రాజుల పేర్లెందుకు కట్టారు? గుమ్మం దాటి లోపలికి వెళితే తిండీ, బట్టా, నగలూ, ఆటలూ, మొక్కుబళ్ళూ, బజారులూ కనిపిస్తాయి. పైన రాజు, లోపల సంసారం. ఎందుకిలా కట్టారన్న ప్రశ్న వెయ్యకుండా ఆ పుస్తకం నిర్మాణం గురించి ఏం రాస్తారు చెప్పండి.

ఇంకా వుంది. విజయనగరం దాటాక రాజుల పేర్లు రాలిపోయి ఉత్త సంవత్సరాలు మిగులుతాయి. 1600 నుంచి 1757, అక్కణ్ణించి 1857, ఆ తర్వాత 1907. ప్లాసీ యుద్ధం జరిగింది బెంగాల్లో. ఆ ఏడాది మన రోలూ రోకలీ ఏమైనా మారాయా? అక్కడ ప్రకరణం తెంచడం న్యాయమా? ఈ ప్రశ్న వేస్తే క్లాసులో ఒక పిల్ల లేచి, “బొబ్బిలి యుద్ధం కూడా 1757లోనే కదండీ!” అంటుంది. అననివ్వండి. “అయినా అది రాజుల యుద్ధమే కదా” అని రెండో పిల్ల ఎదురు చెబుతుంది. చెప్పనివ్వండి. వాళ్ళిద్దరూ అలా పోట్లాడుకుంటూ వుండగానే వ్యాసం తయారైపోతుంది. మనం అడ్డుపడి నోట్సు చెప్పకపోతే చాలు.

నేనైతే మొదటి రోజు విషయసూచిక తప్ప ఇంకేమీ చదవనివ్వను. పీఠికను కూడా దాచేస్తాను. తర్వాత ఒక్క ప్రకరణం తీసుకుని, ప్రతి పేరా పక్కనా పెన్సిలుతో ఒక్క ముక్క రాయమంటాను. రచయిత ఏం చెప్పారని కాదు, అక్కడ ఏం చేస్తున్నారని. ఇక్కడ సాక్ష్యం చూపించారు, ఇక్కడ ఇంకొకరితో వాదం పెట్టుకున్నారు, ఇక్కడ దారి తప్పి తన ముచ్చట చెప్పుకున్నారు, ఇలాగన్నమాట. దేనికెన్ని పేజీలిచ్చారో లెక్కపెట్టమంటాను. ఒక ప్రకరణాన్ని తీసి ఇంకోచోట పెడితే ఏం చెడుతుందో ఆలోచించమంటాను. ఇవన్నీ అయ్యాక, పక్కవాళ్ళు కాదనడానికి వీలున్న మాట ఒకటి రాయమంటాను. ‘గ్రంథం సమగ్రం’ అంటే ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేని మాటతో వ్యాసం ఎత్తుకుంటే అది అక్కడే కూలబడుతుంది.

పెన్సిలుతో చదివిన పిల్లకి ఒక సంగతి తప్పకుండా తగులుతుంది. ఆ పుస్తకంలో సాక్ష్యం చాలావరకు కావ్యాల్లోది. పాల్కురికి సోమనాథుడి పుస్తకాలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. నన్నయ నాటి తూర్పు చాళుక్యుల దగ్గర కథ ఎందుకు మొదలైందో అప్పుడు బోధపడుతుంది. అంతకుముందు తెలుగువాళ్ళు అన్నం తినలేదా? తిన్నారు. చెప్పే కావ్యం లేదు. కావ్యాల్లో వెతికి కూర్చిన చరిత్రలో వంటకం కనిపించినంతగా వండిన మనిషి గొంతు వినిపించదు. కవులు ఆవిణ్ణి మాట్లాడనిస్తే కదా! ఇది ప్రతాపరెడ్డిగారిని తక్కువ చెయ్యడం కాదు. ఆయన అంత శ్రమపడి ఏరి పెట్టబట్టే, లోపల ఎవరు లేరో మనకి తెలుస్తోంది.

అచ్చమాంబగారు ఇంకోలా కట్టారు. 1901లో వచ్చిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరులోనే నిర్మాణం వుంది. ఒక్కొక్క స్త్రీ ఒక్కొక్క రత్నం. దారమేమో ఆడవాళ్ళు అబలలూ కారు, అవివేకులూ కారు అన్న వాదం.

ఇక స్త్రీశక్తి సంఘటన వారు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చూడండి. తెలంగాణా సాయుధపోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ చరిత్ర. ఇందులో ప్రకరణమంటే ఒక మనిషి. చాకలి ఐలమ్మ చెబుతుంది, మల్లు స్వరాజ్యం చెబుతుంది, ఇంకా ఎందరో చెబుతారు, ఎవరి మాట తీరు వారిది. జ్ఞాపకం కదా, వెనక్కీ ముందుకీ పోతుంది. మన నోట్సు పంతులుగారు దీన్ని దిద్దితే ‘క్రమము లోపించినది’ అని ఎర్రసిరాతో రాసేస్తారు. ఆ మాటల్ని విరగ్గొట్టి సంవత్సరాల వరసలో పేరిస్తే, పోరాటం తేదీలు మిగులుతాయి, పోరాడినావిడ పోతుంది. అది తెలిసే అలా వుంచారు. ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి ఒక్క గంట కూర్చోబెడితే, నెల రోజుల నోట్సు నేర్పనిది పిల్లకి పట్టుబడుతుంది.

“మీరు బాగానే చెబుతారమ్మా, సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు? మార్కులెవరిస్తారు?” అంటారు. న్యాయమైన మాటే. దిద్దేవారి చేతిలో ‘కీ’ వుంటుంది, అందులో అయిదు పాయింట్లుంటాయి, కలిస్తే మార్కు. కలవకుండా సొంతంగా ఆలోచించిన పిల్ల నష్టపోతుంది. అందుకే తల్లులు కూడా భయపడి నోట్సు బట్టీ వేయిస్తున్నారు. ఇప్పుడు ఫోను నిమిషంలో వ్యాసం రాసిస్తోందని అందరూ గుండెలు బాదుకుంటున్నారు గానీ, ఎవరు రాసినా ఒకేలా వుండే వ్యాసాన్ని ఇన్నేళ్ళుగా అడుగుతున్నది మనం కాదూ?

కనుక మార్చవలసింది ముందు ప్రశ్నని. ‘గ్రంథ నిర్మాణమును వివరింపుము’ అని అడగడం మానెయ్యాలి. 1757 దగ్గర ప్రకరణం ఎందుకు తెంచారు, మీరైతే ఎక్కడ తెంచుతారు అని అడగండి. రాజుల పేర్లు తీసేసి ఆ ప్రకరణాలకి మీరే పేర్లు పెట్టండి, ఆ పేర్లే ఎందుకో చెప్పండి అని అడగండి. ముప్ఫై పేపర్లకి ముప్ఫై రకాల జవాబులొస్తాయి. దిద్దేవారికి కష్టమే, ‘కీ’ పనికిరాదు. ప్రతి ఒక్కటీ చదవవలసి వస్తుంది.