గోంగూర మటన్‌కి ఏ వైన్?

మణికొండ వైన్ షాపుల్లో విస్కీ, బీర్లదే రాజ్యం. ద్రాక్ష వైన్‌కి ఒక మూల అర దొరికితే గొప్పే. అక్కడా చెయ్యి ముందుగా ఖరీదైన బోర్డో సీసా మీదికే పోతుంది. ఈ సంచిక ఆ చేతిని కాస్త పక్కకు లాగుతుంది.

ఫ్రాన్స్‌లో బిస్ట్రో అంటే ఆడంబరం లేని చిన్న భోజనశాల. అక్కడ తినేదీ తాగేదీ చాలావరకు ఒకే నేలవి. లియాన్‌లో సాసేజీల పక్కన బోజొలే కొండల గామే ద్రాక్ష వైన్‌ని కాస్త చల్లబరిచి పోస్తారు. నైరుతిలో బాతు మాంసం, చిక్కుడు గింజలు ఉడికించిన కసూలేకి చిక్కని కాఓర్ వైన్ జోడీ. దాని వగరు కొవ్వు జిడ్డును కోస్తుంది. ఇలా నేలతో ముడిపడ్డ వైన్ల ఊరిపేర్లకు అక్కడ 1935లోనే చట్టం రక్షణ ఇచ్చింది.

మన కారానికి మాత్రం ఆ వగరు పనికిరాదు, మంట రెట్టింపవుతుంది. అల్సాస్ నుంచి వచ్చే కొద్దిగా తీపి గెవుర్త్స్‌ట్రామినర్ నయం. చేపల వేపుడుకి లువార్ తీరపు పుల్లని మస్కదే భేషుగ్గా ఉంటుంది. గోంగూర మటన్ దగ్గరే పేచీ. నన్నడిగితే దానికి ఏ సీసా మూతా తీయనక్కర్లేదు. మా రచయితలు ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల వాదన లోపలి పేజీల్లో ఉంది.