మిగిలిన ముక్కల బండి

వేసవికాలమున మన పల్లెలలో ముంజెలు తినని బాలుడుండడు. ముంజెలు తినిన పిమ్మట పెద్దలు ఆ కాయలను పెంటమీద పారవేయుదురు. బాలుడు మాత్రము వానిలో సమానముగా నున్న రెండింటిని ఏరుకొనును. ఒక పుల్లను ఇరుసుగా చేసి, దాని రెండు కొనలకు కాయలను గ్రుచ్చును. పంగలకర్ర యొకటి విరిచి తెచ్చి, పంగను ఇరుసునకు తగిలించి, త్రోయుచు వీథి వెంబడి పరుగెత్తును. ఒక కాయ పెద్దదియు, రెండవది చిన్నదియు నైనచో బండి ప్రక్కకు లాగును. అప్పుడతడు మరల పెంటవద్దకు పోయి తగిన కాయను వెదకును. ఆ వెదకుటలోనే అతని యంత్రశాస్త్రాభ్యాసము ప్రారంభమైనదని నా యభిప్రాయము.

ఈ ముంజెకాయల బండికి పట్టణములలో ఒక తోబుట్టువు కలదు. అది విడిభాగములతో కూర్చిన నమూనా కారు. విరిగిన బొమ్మలు, పనికిరాని గడియారములు, వ్రాయని కలములు, మిగిలిపోయిన ప్లాస్టిక్ ముక్కలు దీనికి ముడిసరుకులు. అనేకులు దీనిని కాలము వృథా చేయు పిల్లచేష్ట యని తలంతురు. నేనును ఒకప్పుడట్లే తలంచితిని. నా తలంపు మారిన విధమును తరువాత చెప్పెదను. ముందుగా ఈ పని యెట్టిదో కొంచెము తెలిసికొందము.

నమూనా కారు వేరు, ఆటబొమ్మ కారు వేరు. ఆటబొమ్మకు నాలుగు చక్రములుండి దొరలినచో చాలును. నమూనాకు కొలత ప్రాణము. ఉదాహరణకు, మన దేశమున 2014వ సంవత్సరము వరకు తయారైన అంబాసిడర్ కారును తీసికొనుడు. దాని పొడవు సుమారు 4.3 మీటర్లు. దానిని 1:24 స్కేలులో చేయదలచినచో ప్రతి కొలతను ఇరువదినాలుగుచే భాగింపవలయును. అప్పుడు కారు పొడవు 18 సెంటీమీటర్లగును. 168 సెంటీమీటర్ల యెత్తుగల మనిషి ఆ కారు ప్రక్కన 7 సెంటీమీటర్ల బొమ్మయై నిలుచును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గుటచే ఘనపరిమాణము 13,824 వంతులలో ఒక వంతగును. వేయి కిలోగ్రాముల కారును అవే పదార్థములతో, అదే రీతిని, ప్రతి భాగమును ఆ కొలతకే తగ్గించి చేయగలిగినచో, అది 72 గ్రాముల బరువు మాత్రమే తూగును. గణితపుస్తకములో ఈ లెక్క చదివి మరచినవాడు, చేతితో చేసి చూచినపుడు మరువజాలడు.

నమూనాలు చేయువారిలో రెండు తెగలవారు కలరు. మొదటి తెగవారు అంగడిలో పెట్టెను కొని, అందలి భాగములను సూచనల ప్రకారము వరుసగా అంటింతురు. ఈ పని వలన చేతికి నేర్పు, మనస్సునకు ఓర్పు కలుగును. రెండవ తెగవారు సూచనల కాగితమును ప్రక్కన పెట్టి, ఒక కారు ముందుభాగమును, వేరొక కారు చక్రములను, ఇంకొకదాని ఇంజనును చేర్చి, లోకములో లేని క్రొత్త కారును సృష్టింతురు. అమెరికాలో ఏ.ఎం.టి. అను సంస్థ 1958వ సంవత్సరమున ఒకే పెట్టెతో కారును మూడు విధములుగా కూర్చుకొను ఏర్పాటు చేసెను. అంగడిలో అమ్మబడు రూపమున ఒకటి, సొంత అభిరుచి ప్రకారము మార్చిన రూపమున ఒకటి, పందెపు కారుగా ఒకటి. బాలుడు వానిలో ఒకదానిని కూర్చగా, తక్కిన రూపములకు ఉద్దేశింపబడిన భాగములు మిగిలిపోవును. ఆ మిగిలిన ముక్కలను పారవేయక ఒక డబ్బాలో దాచుకొనుట నమూనాలు చేయువారి సంప్రదాయమైనది. విడిభాగముల డబ్బా ఎంత నిండినదో, చేయువాని ఊహ యంత విరివియగును.

అట్టి పెట్టెలు కొనలేనివారికిని ఈ విద్య అందనిది కాదు. ఇంకిపోయిన బాల్‌పెన్ను రీఫిల్ కారు పొగగొట్టమగును. ఆ కలములోని స్ప్రింగు కుదుపులను ఓర్చు స్ప్రింగగును. మందుబిళ్లల పట్టీలోని పారదర్శకమైన బుడగ దీపము అద్దమునకును, వెనుకనున్న మెరయు రేకు దాని ప్రతిఫలకమునకును పనికివచ్చును. తెగిన విద్యుత్తీగలోని సన్నని రాగిపోగులు ఇంజను తీగలగును. అరిగిన హవాయిచెప్పును గుండ్రముగా కోసినచో టైర్లగును. ఈ జాబితాకు అంతము లేదు. ఇందు నేర్వవలసినది వస్తువుల పట్టిక కాదు. ఒక వస్తువు పేరును మరచి, దాని ఆకారమును, గుణమును చూచు దృష్టి. కలము వ్రాయుట మానినను గొట్టము గొట్టమే కదా!

అయితే చేతికి దొరకిన ముక్కలను దొరకినట్లు అంటించుట కళ కాదు. ఇచ్చట ప్రతి తప్పు తనను తానే బయటపెట్టుకొనును. 60 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రము 1:24 స్కేలులో 25 మిల్లీమీటర్లుండును. 1:18 స్కేలులో 33 మిల్లీమీటర్లకు పైగా నుండును. ఒక స్కేలు చక్రమును వేరొక స్కేలు కారునకు తగిలించినచో, కొలబద్ద లేకయే చూపరికి ఏదో పొసగలేదని తోచును. కారు అందముగా కనబడుటకై నడుమ ఒక సెంటీమీటరు కోసివైచినచో, అసలు కారులో 24 సెంటీమీటర్లు కోసినట్లే. మరి వెనుక సీటున కూర్చుండువాని మోకాళ్లెక్కడికి పోవలయును? రంగు పూత మందము మిల్లీమీటరులో పదవవంతే యనుకొందము. అసలు కారుపై అది 2.4 మిల్లీమీటర్ల పూతకు సమానము. కావుననే దట్టముగా రంగు పూసిన నమూనాలో తలుపుల గీతలు పూడిపోయి, కారు బెల్లపుపాకములో ముంచి తీసినట్లుండును. పలుచగా పూసి, ఆరనిచ్చి, సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, మరల పూయవలయును. తొందరపాటును ఇంత స్పష్టముగా దండించు గురువు వేరొకడు లేడు.

ఇంకొక సంగతి. ప్లాస్టిక్ నమూనాలకు వాడు జిగురు ఉపరితలమును కొంచెము కరగించి, రెండు ముక్కలను ఒకటిగా చేయును. అది గట్టిపడిన పిమ్మట విడదీయుట మిక్కిలి కష్టము. అందుచే నేర్పరులు జిగురు ముట్టకముందే ముక్కలను అమర్చి, నాలుగు ప్రక్కల నుండి చూచి, తప్పులు దిద్దుకొందురు. అంటించుటకు ముందు అమర్చి చూడవలె నను ఈ చిన్న నియమము కారులకు మాత్రమే చెల్లునది కాదు.

ఇక నా తలంపు మారిన కథ. కొంతకాలము క్రిందట ఒక పాఠశాలలో విద్యార్థుల ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచిరి. ఒక బల్లపై తళతళలాడు కారు నమూనా యుండెను. దాని గీతలు చక్కగా కుదిరినవి; రంగు అద్దమువలె మెరయుచుండెను. ప్రక్క బల్లపై వేరొక బాలుని కారుండెను. దాని టైర్లు చెప్పుముక్కలు. దీపములు మందుబిళ్లల బుడగలు. ఒక తలుపు కొంచెము వంకరగా నుండెను. నేను క్షణము కూడ తడయక మొదటి కారునకు బహుమతి ఇచ్చితిని. సభ ముగిసిన పిమ్మట ఊరక యుండలేక, ముందు ఇరుసు నడుమ ఈ మొలయేల యని మొదటి బాలుని అడిగితిని. అతడు తెల్లబోయి, అంగడివారు చేసి ఇచ్చిరని మెల్లగా చెప్పెను. రెండవ బాలుని అదే ప్రశ్న అడిగితిని. అతడు కారును తలక్రిందులు చేసి, మొదట మొల లేదనియు, చక్రములు త్రిప్పగా కారు అంచునకు రాచుకొనెననియు, ఇరుసును రెండు మిల్లీమీటర్లు దింపి మొలతో బిగించితిననియు, ఆ దింపుట వలననే తలుపు వంకరపోయిన దనియు పూసగ్రుచ్చినట్లు చెప్పెను. ఆ వంకర తలుపు అతని విద్యకు సాక్ష్యము. నేను దానిని లోపముగా లెక్కించితిని. బహుమతి అప్పటికే చేతులు మారినది. నాటి నా తీర్పు తప్పని నేడును ఒప్పుకొనుచున్నాను.

నమూనాలు చేయుటచే చదువు చెడునని తల్లిదండ్రులు భయపడుదురు. హద్దు మీరినచో ఏ పనియైనను చెరుపే. ఆదివారమున రెండు గంటలు ఈ పనికి కేటాయించినచో చదువు చెడదు. నిష్పత్తులు, ఘనపరిమాణములు, ఘర్షణ అను పాఠములు చేతికి తగులును. కత్తి, జిగురు అపాయకరములని కొందరందురు. ఆ మాట నిజమే. కత్తిని దేహమునకు ఎదురుగా గాక ఆవలికి నడుపవలెను. జిగురు, రంగులు కిటికీలు తెరచి, గాలి యాడుచోటనే వాడవలెను. పెద్దలు చేరువ నుండవలెను. అపాయమెరిగి పనిముట్టును వాడుట నేర్చినవాడు, పనిముట్టును ముట్టనివానికంటె క్షేమముగా జీవించును. ఇది ధనవంతుల వేడుక యనువారికి ముంజెకాయల బండియే సమాధానము.

చిన్న బండ్లు చేయుట మానవులకు క్రొత్త కాదు. హరప్పా, మొహెంజొదారోలలో మట్టితో చేసిన చిన్న బండ్లు త్రవ్వకములలో లభించినవి. అవి నాలుగు వేల యేండ్లకు పూర్వపువి. నాటి కొయ్యబండ్లు శిథిలమైపోయినవి. వాని రూపమును మనకు తెలుపుచున్నవి ఈ మట్టిబండ్లే. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థవారు 1930 నుండి 1968 వరకు ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అను పేర బాలురకు నమూనాల పోటీలు నడిపి, గెలిచినవారికి విద్యార్థివేతనములిచ్చిరి. 1947వ సంవత్సరమున అందు గెలుపొందిన చార్లెస్ జోర్డన్, 1986లో ఆ సంస్థ కారుల రూపకల్పన విభాగమునకు ఉపాధ్యక్షుడయ్యెను. 1977లో వెలువడిన స్టార్ వార్స్ చలనచిత్రములోని అంతరిక్షనౌకల నమూనాలపై, అంగడిలో దొరకు ప్లాస్టిక్ నమూనాల భాగములనే కళాకారులు అంటించిరి. నేలపై నడచు బండ్ల ముక్కలు ఆ విధముగా ఆకాశమున కెక్కినవి.

దూరదేశముల మాట యటుంచుడు. మన హైదరాబాదులోనే, బహదూర్‌పురాలో, సుధాకర్ అను ఔత్సాహికుడు పాతసామానుల నుండి సేకరించిన భాగములతో బూటువలె, కలమువలె, క్రికెట్టు బ్యాటువలె నుండి, మనిషి యెక్కి నడపదగిన కారులను చేసి, 2010వ సంవత్సరమున వాని కొక ప్రదర్శనశాలను తెరచెను. 2005లో ఆయన నిర్మించిన మూడుచక్రముల సైకిలు 41 అడుగులకు పైబడిన యెత్తుతో గిన్నిస్ గ్రంథమున కెక్కెను. ఆ కారులు చిన్న నమూనాలు కావు; కాని పారవేసిన భాగములో పనికివచ్చు గుణమును చూచుటయే వానికిని మూలము.

మన పాఠశాలలలో చేతిపనికి గౌరవము చాలదు. మెదడుతో చేయు పని గొప్పదనియు, చేతితో చేయునది తక్కువదనియు ఒక దురభిప్రాయము మనలో పాతుకొనియున్నది. ఇరుసు ఏల రాచుకొన్నదో ఆలోచించునపుడు మెదడెక్కడ ముగియును? చేయి యెక్కడ మొదలగును? ఉపాధ్యాయులకు నా విన్నపము ఒక్కటే: తరగతిగది మూలలో ఒక పాత పెట్టెను ఉంచి, విరిగిన వస్తువులను అందులో వేయుడని పిల్లలకు చెప్పుడు. నెలకొకసారి దానిని తెరచి, బండ్లు చేయింపుడు. ప్రదర్శనలలో బహుమతి నిర్ణయించుటకు ముందు వస్తువును చూచి ఊరకుండక, చేసినవానిని మూడు ప్రశ్నలడుగుడు. ఇది యేల ఇట్లున్నది? మొదట ఎట్లుండెను? మరల చేసినచో ఏమి మార్చెదవు?

విద్యార్థులారా! ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగల కారును చేయుడు. దాని తలుపు కొంచెము వంకరగా నున్నను చింతింపకుడు. అది వంకరపోయిన కారణము మీకు తెలిసినచో, తరువాతి కారు తలుపు చక్కగా నుండును.