కూర్చోబెట్టేది మనమే

సంపాదకులకు,

పెద్దలు ఉదయం అరగంట నడిస్తే చాలన్న గతవారం వ్యాసంతో పూర్తిగా ఏకీభవించలేను. నడక మంచిదే, ఆ తర్వాత రోజంతా టీవీ ముందు కుర్చీకి అతుక్కుపోతే? 65 దాటినవారు కూర్చునే సమయాన్నీ తగ్గించాలని, వారానికి కనీసం 3 రోజులు కండబలానికి, తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

వారి బద్ధకాన్ని తప్పుపట్టే ముందు మన మర్యాద సంగతి చూడాలి. ‘మీరు కూర్చోండి నాన్నా, నేను తెస్తా’ అంటూ మంచినీళ్లూ, మందులూ, పేపరూ చేతికే అందిస్తున్నాం. ఓపిక ఉన్నవారిని తెచ్చుకోనిద్దాం. సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవమందాం, ఫోను నిలబడి మాట్లాడమందాం. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ చేతులు పట్టుకుని లేచి కూర్చున్నా మేలే. లేవగానే కళ్లు తిరిగేవారు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి