బ్రిటన్‌లో వైద్యం ఫ్రీ అంటారు... మరి ఈ లక్ష దేనికి?

బ్రిటన్‌లో వైద్యం ఉచితం అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. అబ్బాయిని మాస్టర్స్‌కి పంపే ఇంట్లో లెక్క వేస్తే మాట మారిపోతుంది. వీసా దరఖాస్తుతోనే హెల్త్ సర్‌చార్జ్ కట్టాలి. 2024 ఫిబ్రవరి 6 నుంచి విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు, ఉద్యోగంపై వెళ్లేవారికి 1,035 పౌండ్లు. కోర్సు ఏడాదే అయినా తర్వాతి నాలుగు నెలలు కలిపితే ఏడాదిన్నర లెక్క పడుతుంది. అంటే 1,164 పౌండ్లు, మన డబ్బుల్లో లక్ష దాటినట్టే. హెల్త్ అండ్ కేర్ వీసాపై వెళ్లే డాక్టర్లు, నర్సులకు మాత్రం ఇది మాఫీ.

1948 జులై 5న ఆరోగ్య మంత్రి అనూరిన్ బెవాన్ హయాంలో ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. ఖర్చు పన్నుల నుంచి, వైద్యం అవసరాన్ని బట్టి. మంచి పద్ధతే. కానీ ఉద్యోగానికి వెళ్లినవాడు జీతంలో పన్నూ కడతాడు, సర్‌చార్జీ కడతాడు. ఒకే సేవకు రెండు బిల్లులు అనక ఏమంటాం?

డబ్బు కట్టినా క్యూ తప్పదు. మనలా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి పోవడం కుదరదు, ముందు జీపీ రాయాలి. నూటికి 92 మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్న లక్ష్యం 2016 నుంచి అందలేదు. 2023 సెప్టెంబరులో ఇంగ్లండ్ వెయిటింగ్ లిస్టు 77 లక్షలు దాటింది. ఎమర్జెన్సీ వేరే సంగతి, 999కి ఫోన్ చేస్తే చాలు. అంత అత్యవసరం కాకపోతే 111.

చాలామంది పిల్లలు జ్వరం వచ్చేదాకా జీపీ దగ్గర పేరే రాయించుకోరు. దిగిన వారంలోనే ఆ పని చేయించండి, ఫీజు లేదు. మందులకు మాత్రం ఇంగ్లండ్‌లో చీటీలోని ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. స్కాట్లాండ్, వేల్స్‌లో అదీ లేదు.

అసలు చిక్కు విజిట్ వీసాపై వెళ్లే పెద్దవాళ్లది. కూతురి కాన్పుకి వెళ్లే అమ్మీకి సర్‌చార్జ్ ఉండదు కాబట్టి ఆ రక్షణా ఉండదు. జీపీ చూడటం, ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే. వార్డులో చేర్చుకుంటే మాత్రం ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. 500 పౌండ్లకు పైబడిన బాకీ రెండు నెలలు అలాగే ఉంటే హోం ఆఫీసుకు తెలుస్తుంది, తర్వాతి వీసా ఆగిపోవచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు టికెట్ కొనే ముందే ఆ జబ్బులకూ వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. పాలసీలో ఆ మాట ఉందో లేదో చదివి మరీ సంతకం పెట్టండి.