తప్పు దేవుళ్ళది కాదట

హ్యుమానిటీస్ ఎలక్టివ్‌లో ఒక ఆఫ్రికన్ నాటకం చదవాలన్నప్పుడు క్లాసులో సగం మందిమి వికీపీడియాలో కథ చూసుకుని సరిపెట్టేద్దాం అనుకున్నాం. నేనూ అంతే. కానీ కథ చూశాక నాటకం మొత్తం చదవకుండా ఉండలేకపోయాను. (ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.)

నాటకం పేరు 'ది గాడ్స్ ఆర్ నాట్ టు బ్లేమ్'. తప్పు దేవుళ్ళది కాదు అని అర్థం. రాసింది నైజీరియా రచయిత ఓలా రోటిమి. 1968లో ఇఫేలో మొదటిసారి ఆడారు. గ్రీకుల ఈడిపస్ కథని తీసుకుని యోరుబా ఊళ్ళలోకి, యోరుబా దేవుళ్ళ మధ్యకి తెచ్చాడు. కుటూజే రాజుకి కొడుకు పుడతాడు. వీడు తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతాడని గుడ్డివాడైన సోదెగాడు బాబా ఫకున్లే చెప్తాడు. పసివాడి కాళ్ళు కట్టి అడవికి పంపేస్తారు. వాడు చావడు. ఇజెకున్ అనే చోట ఒక వేటగాడి ఇంట్లో ఒడెవాలే అన్న పేరుతో పెరుగుతాడు. మిగతాది మీకు తెలిసిన కథే.

ఇక్కడ చిన్న పక్కదారి, సీఎస్ వాళ్ళ కోసం. ఫకున్లే జోస్యం చెప్పే పద్ధతిని ఇఫా అంటారు. 16 తాటిజాతి గింజలతో వేస్తారు. ప్రతిసారీ ఒక గీతో రెండు గీతలో పడతాయి, అలా ఎనిమిది సార్లు. మొత్తం 256 రకాలు. అంటే అచ్చం మన ఒక బైట్! ఇంకోటి, మనం తలరాత అంటాం కదా, యోరుబా వాళ్ళకీ విధి తలలోనే ఉంటుంది. దాన్ని 'ఒరి' అంటారు. కాకపోతే మనకి బ్రహ్మ రాస్తాడు, వాళ్ళ నమ్మకంలో పుట్టకముందే అజాలా అనే కుమ్మరి దగ్గరికెళ్ళి మన తల మనమే ఎంచుకుంటాం. ఏది పచ్చి కుండో ఏది కాలిందో పైకి చూస్తే తెలీదు. వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

అసలు గొడవ టైటిల్ గురించి. మా రూమ్మేట్ అన్నాడు, "జోస్యం ముందే చెప్పేసి, తప్పు వాడిదంటే ఎలా? కోడ్ మీరు రాసి కంప్యూటర్ని తిట్టినట్టుంది" అని. చాలామంది విమర్శకులూ దాదాపు ఇదే అన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ఒక్క సీన్ చాలు.

ఒడెవాలే ఎడె అనే ఊళ్ళో పొలం కొనుక్కుంటాడు. ఒకరోజు వచ్చి చూస్తే ఒక ముసలాయన తన మనుషులతో అతని పెండలం దుంపలు తవ్వించేస్తుంటాడు. ఈ నేల నాదంటే నాదని గొడవ. ఇంతవరకూ ఒడెవాలే ఓపిగ్గానే ఉంటాడు. అప్పుడు ముసలాయన ఇతని యాసని బట్టి ఇజెకున్ వాడని పట్టేసి, ఆ జాతిని అడవి మనుషులని ఎగతాళి చేస్తాడు. అంతే. ఇనుముకి దేవుడైన ఓగున్‌ని తలుచుకుంటూ చేతిలో ఉన్న పారతో కొట్టి చంపేస్తాడు.

చచ్చిపోయింది కన్నతండ్రి. ఏ జాతిని అన్నారని చంపాడో ఆ జాతి ఇతనిది కాదు, పెంచినవాళ్ళది. తరవాత కుటూజేకి రాజయ్యాక కూడా, నేను బయటివాణ్ణని వీళ్ళంతా కుట్ర చేస్తున్నారు అని సొంత తమ్ముణ్ణే అనుమానిస్తాడు. నిజానికి ఆ ఊరివాడే! చివర్లో కళ్ళు పొడుచుకున్నాక తనే ఒప్పుకుంటాడు, నా జాతిని ఎవరైనా అంటే తట్టుకోలేకపోవడమే నా బలహీనత అని.

ఈ నాటకం ఆడేనాటికి నైజీరియాలో అంతర్యుద్ధం నడుస్తోంది, 1967 నుంచి 1970 వరకు. టైటిల్లో దేవుళ్ళంటే పెద్ద దేశాలు అని రోటిమి చెప్పాడు. మన కొట్లాటకి అమెరికానో ఇంగ్లండునో తిట్టి ఊరుకోవద్దని ఆయన ఉద్దేశం. బయటివాళ్ళ తప్పు అసలు లేదంటే నేను నమ్మను. కానీ పార ఎత్తిన చెయ్యి ఎవరిదో అడగాల్సిందే.

మా ఇంట్లోనూ ఒక పొలం ఉంది. తాతయ్యకీ చినతాతయ్యకీ గట్టు తగాదా వచ్చి, కర్రల దాకా వెళ్ళి, రెండిళ్ళకీ మాటల్లేవు. నేను పుట్టకముందు సంగతి. ఎప్పుడడిగినా నానమ్మది ఒకటే జవాబు, "మన తలరాతరా". నాటకం చదివాక ఈ సంక్రాంతికి వేరేలా అడిగాను. గొడవలో ముందు ఎవరు ఏమన్నారు నానమ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు. చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. తరవాత చెప్పింది. తాతయ్యే అన్నాడట, చినమామ్మ పుట్టింటివాళ్ళ గురించి ఒక మాట. గట్టు గురించి కానే కాదు.

చినతాతయ్య మనవడు మన కాలేజీలోనే ఉన్నాడు, మెకానికల్. నాకు అన్న అవుతాడు. మెస్‌లో రోజూ ఎదురుపడతాం, ఇద్దరం ఫోన్ చూసుకుంటాం. ఈ పత్రిక తనూ చదువుతాడని విన్నాను.

అన్నా, ఆదివారం మెస్‌లో కిటికీ పక్క టేబుల్ దగ్గర ఉంటాను.